‘ఎవరు చెప్పారు?’ అనడం ఎదురు చెప్పడం కాదు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

యూనిట్ టెస్టుల తేదీలు, వ్యాన్ టైమింగుల మార్పు రెండో పేజీలో ఉన్నాయి. మొదటి పేజీ మొత్తం ఈసారి ఒక్క విషయానికే తీసుకుంటున్నాను. ఎనిమిది, తొమ్మిది, పది తరగతులకు శనివారం చివరి పీరియడ్‌లో వార్తల మీద చర్చ పెడుతున్నాం కదా, దాని గురించి క్లాసుల వాట్సాప్ గ్రూపుల్లో మీరు రాసినవన్నీ చదివాను. ఇద్దరు నాన్నలు నేరుగా వచ్చి మాట్లాడారు కూడా. “చదువుకునే పిల్లలకి రాజకీయాలు ఎందుకు మేడమ్?” అన్నారు ఒకరు. రెండోవారి బాధ వేరు. “ఏం చెప్పినా మావాడు ‘ఎవరు చెప్పారు నాన్నా?’ అంటున్నాడు. ఇదివరకు ఇలా ఎదురు చెప్పేవాడు కాదు.”

ఆ రెండో మాట రెండు రోజులు నా మనసులో మెదులుతూనే ఉంది. ఆ ప్రశ్న బాబుకి నేర్పింది మేమే మరి.

ఎలా నేర్పామో చెప్తాను. పిల్లలు ఇళ్ల నుంచి తెచ్చిన పేపర్లు బల్లల మీద పరిచి, ఒక్కో వార్తలో ఆ సంగతి విలేకరికి ఎవరు చెప్పారో వెతికి ఎర్ర పెన్నుతో గీత గీయమన్నాం. ‘పోలీసులు తెలిపారు’, ‘మంత్రి అన్నారు’, ‘స్థానికులు చెప్పారు’ కింద గీతలు పడుతూ వచ్చాయి. ఒక వార్త దగ్గర ఎనిమిదో తరగతి పాప పెన్ను పైకెత్తి ఆగిపోయింది. “మేడమ్, ఇక్కడ ‘విశ్వసనీయ వర్గాల భోగట్టా’ అని ఉంది. భోగట్టా అంటే ఎవరు?” క్లాసులో ఒక్కరూ నవ్వలేదు, ఎవరికీ తెలియదు కాబట్టి. అక్కణ్నుంచి ‘తెలిసింది’, ‘సమాచారం’, ‘ప్రచారం జరుగుతోంది’ అనే మాటలన్నీ వాళ్ల కంట్లో పడటం మొదలైంది. పీరియడ్ అయ్యేసరికి పేపర్ల నిండా ఎర్ర గీతలే. చెప్పినవాళ్ల పేరు లేనంత మాత్రాన వార్త అబద్ధమైపోదని, పేరు బయటపడితే ఉద్యోగమో ప్రాణమో పోయేవాళ్లు కూడా ఉంటారని టీచర్ వివరించారు. అలాంటి వార్తని నమ్మేముందు ఇంకో రోజు ఆగి చూడమన్నారు.

మాటల దగ్గర ఇంకాస్త ఆగుతాను. అనుమానితుడు, నిందితుడు, దోషి. టీవీ చూస్తుంటే ఈ మూడు మాటలూ ఒకే గంటలో ఒకే మనిషికి తగిలించేస్తుంటారు. పోలీసులకి అనుమానం ఉంటే అనుమానితుడు, కేసు పెడితే నిందితుడు, కోర్టు తేల్చాకే దోషి. ఈ తేడా చెప్పడానికి మన హైదరాబాద్ దాటి వెళ్లక్కర్లేదు. 2007 మే 18న, శుక్రవారం ప్రార్థనల వేళ మక్కా మసీదులో బాంబు పేలింది. తర్వాత పోలీసులు పట్టుకెళ్లిన పాతబస్తీ కుర్రాళ్లలో చాలామంది కోర్టుల్లో నిర్దోషులుగా బయటికొచ్చారు. ఆపైన దర్యాప్తు వేరే దారి పట్టి, వేరేవాళ్లని నిందితుల్ని చేసింది. వాళ్లలో విచారణ ఎదుర్కొన్న అయిదుగురినీ 2018 ఏప్రిల్ 16న నాంపల్లి కోర్టు నిర్దోషులని వదిలేసింది. ప్రార్థనకి వెళ్లి తిరిగిరాని వాళ్ల ఇళ్లలో పదకొండేళ్లు ఎదురుచూసినా జవాబు దొరకలేదు. జైలుకెళ్లొచ్చిన కుర్రాళ్లకి పోయిన రోజులు తిరిగి రాలేదు. ఇదంతా విన్న తొమ్మిదో తరగతి బాబు ఒకడు, “వాళ్లని వదిలేశారని కూడా మొదటి పేజీలోనే వేశారా మేడమ్?” అని అడిగాడు. పాత పేపర్లు చూసి వచ్చేవారం నువ్వే చెప్పమని సోషల్ టీచర్ ఆ పని వాడికే అప్పగించారు.

అదే 2007లో ఆగస్టు 25, శనివారం రాత్రి లుంబినీ పార్కులో, కోఠి గోకుల్ చాట్‌లో నిమిషాల తేడాతో పేలుళ్లు జరిగాయి. 40 మందికి పైగా పోయారు. మీలో చాలామందికి ఆ రాత్రి గుర్తుండే ఉంటుంది. నేనప్పుడు వేరే స్కూల్లో సోషల్ చెప్పేదాన్ని. బడి తెరిచాక ఎనిమిదో తరగతిలో ఒక పిల్లాడు పక్కవాడితో, “మీవాళ్లే చేశారంట కదా” అన్నాడు. పక్కవాడి పేరును బట్టి అన్న మాట అది. నా చెవిన పడింది. గొడవ కాకూడదని, “మాటలొద్దు, పుస్తకాలు తీయండి” అన్నాను. ఆ మధ్యాహ్నం ఆ రెండోవాడు టిఫిన్ బాక్స్ తీసుకుని మెట్ల దగ్గరికి వెళ్లి ఒక్కడే కూర్చుని తిన్నాడు. మర్నాడూ అంతే. యాన్యువల్ పరీక్షల దాకా అక్కడే తిన్నాడు. పుస్తకాలు మూయించి, “నీకెవరు చెప్పారు?” అని ఆ మొదటివాణ్ని అడగాల్సింది నేను. అడగలేదు. ఆ మెట్లు ఇప్పటికీ నా కళ్లముందు నుంచి పోవు.

అందుకే మన చర్చల్లో ఒక నియమం ఉంది, దాన్ని నేను ఎవరి కోసమూ సడలించను. ఏ పిల్లనీ, పిల్లాణ్నీ తన మతం తరఫునో, కులం తరఫునో, సొంతూరి తరఫునో సంజాయిషీ చెప్పమని అడగకూడదు. అడిగితే చర్చ అక్కడితో ఆగిపోతుంది. మనసుని కలచివేసే వీడియోలు క్లాసులో చూపించం. భయం వేసిన పిల్లలు లేచి లైబ్రరీకి వెళ్లొచ్చు, కారణం చెప్పక్కర్లేదు. టీచర్లు తమ పార్టీ ఏదో, ఓటు ఎవరికేశారో చెప్పకూడదు.

ఈ వార్తలు అసలు పిల్లల దాకా రానివ్వకూడదని కొందరు అమ్మలు రాశారు. మీ భయం నాకు అర్థమవుతుంది. కానీ 2025 వేసవి గుర్తు చేసుకోండి. ఏప్రిల్ 22న కశ్మీర్‌లోని పహల్గాంలో 26 మందిని కాల్చి చంపారు, వాళ్లలో మన తెలుగువాళ్లూ ఉన్నారు. 24 నుంచి బడికి సెలవులు. మే 7న మన నగరంలో మాక్ డ్రిల్ సైరన్లు మోగాయి. ఆ రోజుల్లో కొన్ని చానళ్లు స్టూడియోలోంచే సైరన్ల మోత వినిపిస్తుంటే, అలా వాడొద్దని సివిల్ డిఫెన్స్ విభాగం చెప్పాల్సి వచ్చింది. జూన్ 12న బడి తెరిచేదాకా పిల్లలు ఆ టీవీల ముందు, ఆ ఫోన్ల ముందే ఉన్నారు. తిరిగి వచ్చినప్పుడు ఆరో తరగతి పిల్లలు కూడా క్షిపణుల పేర్లు అప్పజెప్పారు. వాళ్లకి తెలియనిది మన ఊరి సంగతి. అదే మేలో శంషాబాద్ దగ్గర కరాచీ బేకరీ షాపు మీద కొందరు దాడి చేసి బోర్డు పగలగొట్టారు. ఆ బేకరీ 1953లో మొజంజాహీ మార్కెట్ దగ్గర మొదలైంది. దేశ విభజనప్పుడు కరాచీ నుంచి ఇల్లూ వాకిలీ వదులుకుని వచ్చిన సింధీ కుటుంబం పెట్టుకున్నది. ఇంట్లో ఫ్రూట్ బిస్కెట్లు తిని పెరిగిన పిల్లల్లో ఈ కథ తెలిసినవాళ్లు క్లాసుకి ఒకరిద్దరే. దేశం మీద ప్రేమతో రోడ్డెక్కేవాళ్లు ముందు ఒక్క నిమిషం అడిగి తెలుసుకుంటే ఆ బోర్డు పగిలేది కాదు కదా మేడమ్ అని ఒక పాప అంది.

నిజమైన విషయానికి కూడా తప్పుడు ఫొటో చేటు చేస్తుంది. సెంట్రల్ యూనివర్సిటీ పక్కన కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో చెట్లు కొట్టడం నిజం. 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆ పనులు ఆపమనడం నిజం. బుల్‌డోజర్ల ముందు జింకలు, నెమళ్లు పరుగెత్తే బొమ్మల్లో మాత్రం ఏఐతో చేసినవీ ఉన్నాయి. ఫోన్లలో అవే ఎక్కువ తిరిగాయి, మా స్టాఫ్ గ్రూపులో కూడా.

ఇక నిరసనల సంగతి. మన గేటు నుంచి ఇందిరా పార్కు ధర్నా చౌక్ నడిచి వెళ్లేంత దూరం. పెద్ద ధర్నా ఉన్న రోజు వ్యాన్లు చుట్టూ తిరిగి వస్తాయి, ఫస్ట్ పీరియడ్‌కి సగం బెంచీలు ఖాళీ. అందుకే పదో తరగతికి ‘ధర్నాలు ఊరి మధ్యలో జరగాలా, ఊరి బయటా?’ అన్న అంశం ఇచ్చాం. ఎవరు ఏ పక్షమో చీటీలు తీసి తేలుస్తాం. ఒక అమ్మాయికి ‘ఊరి బయట’ చీటీ వచ్చింది. వాళ్లమ్మ ఆశా వర్కర్, అదే చౌక్‌లో టెంటు కింద కూర్చున్న మనిషి. చీటీ చూసి పిల్ల మొహం చిన్నబోయింది. “మార్చుకోవచ్చా?” అంది. టీచర్ కుదరదన్నారు.

వారం రోజులు తయారై వచ్చింది. చుట్టుపక్కల ఇళ్లవాళ్లకి మైకుల హోరు, పార్కుకి నడకకి వచ్చే పెద్దవాళ్ల ఇబ్బంది, ట్రాఫిక్‌లో చిక్కుకునే అంబులెన్సు, అన్నీ చెప్పింది. 2017లో ప్రభుత్వం ధర్నాలను శివార్లకు పంపాలనుకున్నది ఈ కారణాలతోనేనని చెప్పింది. అవతలి జట్టు రాజ్యాంగం 19వ అధికరణం తెచ్చింది. ఆయుధాలు లేకుండా శాంతియుతంగా గుమిగూడే హక్కు ఉందని, ఊరి బయట అరిస్తే ఎవరు వింటారని అడిగింది. ఆ ఏడాది మే 15న అక్కడే రెండు వర్గాలు ఎదురెదురుపడి కొట్టుకున్న సంగతి, 2018 నవంబరులో అక్కడ ధర్నాలకు హైకోర్టు అనుమతి ఇచ్చిన సంగతి వాళ్లే చెప్పారు. చివర్లో ఈ అమ్మాయికి జవాబు చెప్పే వంతు వచ్చింది. కాసేపు కాగితం చూసి, పక్కన పెట్టేసింది. “అంబులెన్సు వస్తే ఏం చేస్తారని అమ్మని అడిగాను. అందరం లేచి దారి ఇస్తాం, పేపర్లో మాత్రం ‘ట్రాఫిక్‌కు అంతరాయం’ అనే వేస్తారు అంది.” తన జట్టుకి ఆ మాట నష్టమని తనకి తెలుసు. మార్కులు తగ్గాయి కూడా. క్లాసంతా ఆ పిల్లకే చప్పట్లు కొట్టారు, అవతలి జట్టుతో సహా.

మొదటి చర్చలో ఈ పిల్లలే ఒకరి మీద ఒకరు అరుచుకుంటూ, బల్ల గుద్దుతూ, అచ్చం రాత్రి తొమ్మిది గంటల టీవీ డిబేట్‌లో లాగే మాట్లాడారు. ఎదుటివాళ్లు అన్నది తిరిగి చెప్పి ఆ తర్వాతే ఖండించాలన్న అలవాటు రావడానికి మాకు రెండు నెలలు పట్టింది. ఇంట్లో మీరు సాయం చేయకపోతే అది నిలవదు. పిల్లలు “ఎవరు చెప్పారు?” అంటే దయచేసి కోప్పడకండి. “నాకు వాట్సాప్‌లో వచ్చింది, ఎవరు రాశారో తెలీదు” అన్నా మంచి జవాబే.

వచ్చే శనివారం తొమ్మిదో తరగతి అంశం: ‘ఉగ్రదాడి జరుగుతున్నప్పుడు లైవ్ చూపించొచ్చా?’ 2008 నవంబరు 26న ముంబైలో ఉగ్రదాడి మొదలయ్యాక, ఉగ్రవాదులు దూరిన నారిమన్ హౌస్ అనే భవనం మీదికి కమాండోలు దిగడం టీవీలన్నీ లైవ్‌లో చూపించాయి. ఆ ప్రసారాలను సుప్రీంకోర్టు 2012లో గట్టిగా తప్పుపట్టింది. 2015లో కేబుల్ టీవీ నిబంధనల్ని మార్చి అలాంటి ఆపరేషన్ల లైవ్ ప్రసారాన్ని నిషేధించారు. నిషేధం సరైందేనా, ప్రజలకి తెలుసుకునే హక్కు మాటేమిటి అన్నది పిల్లలు వాదిస్తారు. మధ్యాహ్నం రెండున్నరకి మొదలవుతుంది. నన్ను కలిసిన ఆ ఇద్దరు నాన్నలు తప్పకుండా రావాలని నా కోరిక. వెనక బెంచీలు తల్లిదండ్రులకే ఉంచుతున్నాం, ఫోన్లు సైలెంట్‌లో పెట్టుకుంటే చాలు.

పాత పేపర్లు తూకానికి వేసేముందు ఒక వారానివి పిల్లల చేత పంపండి. తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు, ఏ భాషవైనా, ఏ పార్టీవాళ్లు చదివేవైనా సరే. ఎర్ర పెన్నులు స్కూల్లో ఉన్నాయి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు