కమిషనర్ గారూ, మా తోటను వేలం వేయకండి

గౌరవనీయులైన నగరపాలక కమిషనర్ గారికి,

మా కాలనీ చివరి ఖాళీ స్థలాన్ని వాణిజ్య సముదాయం కోసం వేలం వేయబోతున్నారని తెలిసి ఈ లేఖ రాస్తున్నాం. ఒకప్పుడు అక్కడ ఉన్నది ఇటుక ముక్కలు, చెత్త, దోమలు. ఇప్పుడు గోంగూర, బచ్చలి మళ్లున్నాయి, పందిరి నిండా లేత సొరకాయలున్నాయి. సాయంత్రమైతే అపార్ట్‌మెంట్ల వాళ్లు, వెనుక బస్తీ వాళ్లు ఒకే కుళాయి దగ్గర బకెట్లు నింపుకుంటారు. అంతకుముందు ఒకరి పేరు ఒకరికి తెలియదు.

న్యూయార్క్‌లో 1973లో లిజ్ క్రిస్టీ అనే స్థానిక కళాకారిణి, ఆమె మిత్రులు చెత్త నిండిన స్థలాన్ని తోటగా మార్చారు. మరుసటి ఏడాది నగర యంత్రాంగమే దాన్ని నెలకు 1 డాలరు అద్దెకు వారికిచ్చింది. ఆ నగరమే 1999లో, స్థలాల ధరలు పెరిగాక, వందకు పైగా తోటలను వేలానికి పెట్టింది! ప్రజలు వీధికెక్కారు. చివరికి స్వచ్ఛంద సంస్థలు కొని కాపాడాయి. మాకు అంత స్తోమత లేదు. పేటను బాగుచేసిన వాళ్లకే అక్కడ చోటు లేకపోవడం అన్యాయం కాదా?

వేలం ఆపి, ఆ స్థలాన్ని కనీసం ఐదేళ్లు కాలనీ, బస్తీ ఉమ్మడి సంఘానికి నామమాత్రపు అద్దెకు ఇవ్వండి. నిర్ణయానికి ముందు ఒక సాయంత్రం వచ్చి, అక్కడి వాళ్లతో మాట్లాడండి.

ఇట్లు,
కాలనీ, బస్తీ నివాసులు