పష్తూన్ల పాటలతో గడిచిన ఏడాది: సభ్యులకు వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. ఈ ఏడాది మన సంఘం నెలకోసారి కలిసింది. రెండు సమావేశాలు తప్ప మిగతావన్నీ ఒకే విషయం మీద జరిగాయి: అఫ్ఘనిస్తాన్, పాకిస్తాన్ సరిహద్దుకి అటూ ఇటూ ఉండే పష్తూన్ల, అంటే మనం పఠాన్లు అనేవాళ్ళ, పాటలూ కథలూ, తుపాకులతో వచ్చినవాళ్ళ ముందు ఆ జనం ఎలా నిలబడ్డారన్నదీ. అంత దూరపు సంగతి మనకెందుకని కొందరు అడిగారు. ఆ నేల పేరెత్తితే టీవీలో చూసిన బాంబు పేలుళ్ళు, మహా అయితే సరిహద్దు గాంధీ తప్ప మనకింకేమీ గుర్తురాదు, అందుకే ఎంచుకున్నాం.

మొదటి మూడు నెలలూ టప్పాలతోనే సరిపోయాయి. టప్పా అంటే వాళ్ళ పష్తో భాషలో చిన్న పాట, రెండే పాదాలు, మొదటిదానికి 9 అక్షరాలు, రెండోదానికి 13. ఎవరు కట్టారో తెలియదు, చాలావరకు ఆడవాళ్ళ నోట పుట్టినవే. రబాబ్ అనే తీగల వాయిద్యానికి తోడుగా మట్టికుండ వాయిస్తారని చెప్పగానే మన సభ్యురాలొకావిడ మంచినీళ్ళ కుండ ఖాళీ చేసి ఒళ్ళో పెట్టుకుని, ఒక చెయ్యి మూతి మీదా ఇంకో చెయ్యి పొట్ట మీదా వేసి వాయిస్తూ వాళ్ళ అమ్మమ్మ పాడే దంపుళ్ళ పాట అందుకున్నారు. ఆ తర్వాత అందరం వేళ్ళ మీద అక్షరాలు లెక్కపెట్టుకుంటూ తెలుగులో తలో టప్పా కట్టాం, 22 అక్షరాల్లో ఏడుపూ కోపమూ రెండూ ఇమడ్చడం ఎంత కష్టమో అప్పుడు తెలిసొచ్చింది.

1880 జులై 27న అఫ్ఘనిస్తాన్‌లోని మైవంద్ దగ్గర బ్రిటిష్ సైన్యంతో జరిగిన యుద్ధంలో, వెనకడుగు వేస్తున్న అఫ్ఘన్లని మలాలై అనే అమ్మాయి ఒక టప్పా పాడి మళ్ళీ నిలబెట్టిందని జనం చెప్పుకుంటారు. 2012లో పాకిస్తాన్‌లోని స్వాత్ లోయలో బడి నుంచి వస్తుండగా తూటా తగిలిన మలాలాకి పెట్టింది ఆ పేరే.

స్వాత్ మీద సమావేశం అందరినీ కుదిపేసింది. తాలిబాన్ల చేతిలో పాటల దుకాణాలు మూతపడ్డాయి, పాడేవాళ్ళు ఊళ్ళు వదిలిపోయారు, 2009 జనవరిలో అక్కడి మింగోరా పట్నంలో ఒక నర్తకిని చంపి శవాన్ని నడిబజారు కూడలిలో పడేశారు. అదే ఏడు మార్చి 5న పెషావర్‌లో పష్తో సూఫీ కవి రహ్మాన్ బాబా సమాధిని పేల్చేశారు, అక్కడికి ఆడవాళ్ళు వస్తున్నారన్నది వాళ్ళ అభ్యంతరం. దాన్ని బాగుచేసి 2012లో మళ్ళీ తెరిచారు.

అప్పుడు ఒక సభ్యుడు సూటిగా అడిగారు, పాట తూటాని ఆపిందా అని. ఆపలేదు. అసలు తాలిబాన్లకీ పాటలున్నాయి, వాయిద్యాలు లేకుండా పాడే తరానాలు. పష్తూన్ సంప్రదాయంలో ‘బదల్’, అంటే పగ తీర్చుకోవడం కూడా ఉంది, దాన్ని దాచిపెట్టి మంచి మాత్రమే చెప్పుకుంటే మనం చదివినట్టు కాదు. కానీ అదే సంప్రదాయంలో ‘మెల్మస్తియా’ కూడా ఉంది, గుమ్మంలోకి వచ్చినవాణ్ణి ఎవరని అడక్కుండా ఆదరించడం. 2009లో సైన్యానికీ తాలిబాన్లకీ మధ్య పోరులో సుమారు 20 లక్షల మంది ఇళ్ళు వదిలి వస్తే, గుడారాల్లోకి వెళ్ళింది కొందరే. ఎక్కువమందిని ఆ పక్క జిల్లాలైన మర్దాన్, స్వాబీ జనం తమ ఇళ్ళల్లో, మన రచ్చబండలాంటి హుజ్రాల్లో పెట్టుకుని అన్నం పెట్టారు. ఆ రోజున ఆ మనుషుల్ని నిలబెట్టింది చిన్నప్పటినుంచీ విన్న ఆ పాటలూ కథలేనని నా నమ్మకం.

ఒక ఇబ్బంది కూడా చెప్పాలి. పోస్టర్ మీద ‘ఉగ్రవాదం’ అన్న మాట చూసి ఒక హాలువాళ్ళు ముందురోజు రాత్రి హాలు ఇవ్వబోమన్నారు. బాగా టెన్షన్ పడ్డాం, చివరికి ఒక సభ్యుడి మేడ మీద షామియానా వేసి జరిపాం, ఆరోజే ఎక్కువమంది వచ్చారు.

లెక్కల పుస్తకం కోశాధికారి దగ్గరుంది, ఎవరైనా చూడొచ్చు. వచ్చే ఏడాది మన తిరగలి పాటలూ దంపుళ్ళ పాటలూ రికార్డు చేద్దామనుకుంటున్నాం. మీ ఇంట్లో పాడగలిగిన పెద్దవాళ్ళుంటే వచ్చే సమావేశానికి వెంటబెట్టుకు రండి, మెట్లు ఎక్కలేకపోతే చెప్పండి, మేమే వాళ్ళ దగ్గరికి వస్తాం.