‘వింగ్స్’ను సాగదీసి చూపించకండి

సంపాదకులకు,

మీ సినిమా పేజీలో 1927 నాటి మూకీ ‘వింగ్స్’ గురించి రాస్తూ, అందులోని గాలి యుద్ధాలన్నీ స్టూడియోలో బొమ్మ విమానాలతో తీసినవేనని తేల్చేశారు. అది సరికాదు. ట్రిక్ షాట్లు లేవని కాదు, ఇంజనీరింగ్ ఎఫెక్ట్స్‌కు ఆస్కార్ కూడా వచ్చింది. కానీ పోరాటాలు చాలావరకు టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియో దగ్గర, సైన్యం ఇచ్చిన విమానాలతో పైన ఎగురుతూ తీసినవే. దర్శకుడు విలియం వెల్‌మన్ మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్ తరఫున విమానం నడిపినవాడు.

నటుల దగ్గరి షాట్లకు విమానానికే మోటారు కెమెరా బిగించారు. పైకి వెళ్లాక తోడు పైలట్ కెమెరాకు చిక్కకుండా కిందికి వంగేవాడు. కెమెరా ఆన్ చేయడం, విమానం చూసుకోవడం, నటించడం అన్నీ హీరో పనే. ఇద్దరు హీరోల్లో రిచర్డ్ ఆర్లెన్‌కు విమానం నడపడం ముందే వచ్చు, బడ్డీ రోజర్స్ ఈ సినిమా కోసమే నేర్చుకున్నాడు.

షూటింగ్ ఆలస్యానికి పెద్ద కారణం మబ్బులు. మే నెలలో నల్లగొండ మీదుగా పోయే విమానాన్ని చూడండి, ఖాళీ ఆకాశంలో నిలబడ్డట్టే ఉంటుంది. వెనక ఒక గుర్తు ఉంటేనే కంటికి వేగం తెలుస్తుంది. అందుకే నిర్మాతలు ఎంత విసుక్కున్నా వెల్‌మన్ మబ్బులు పట్టేదాకా కెమెరా తిప్పనివ్వలేదు.

మన కాలేజీల్లో దీన్ని వేసేవాళ్లకు ఒక మనవి. ఇది 4:3 బొమ్మ, అంటే వెడల్పు నాలుగు పాళ్లయితే ఎత్తు మూడు పాళ్లు. వెడల్పు టీవీలో ‘ఫుల్’ పెడితే మనుషులు, విమానాలు మూడో వంతు లావెక్కుతాయి. ‘జూమ్’ పెడితే పైనా కిందా కలిపి బొమ్మలో పావు వంతు తెగిపోతుంది. డాగ్‌ఫైట్‌లో, అంటే విమానాల గాలిపోరులో, శత్రువు ఆ పై అంచు నుంచి వస్తే కనిపించడు! సెట్టింగ్ 4:3లోనే ఉంచండి, పక్కల నల్ల పట్టీలుంటే ఉండనీయండి.

తెలుగు సబ్‌టైటిళ్లు వేస్తే ఫైలును యూటీఎఫ్-8లో (అన్ని భాషల అక్షరాలనూ దాచే పద్ధతి) సేవ్ చేయాలి, లేదంటే అక్షరాల బదులు పిచ్చి గుర్తులు వస్తాయి. అలా చేసినా పెన్‌డ్రైవ్‌తో కొన్ని టీవీలు తెలుగును విడగొట్టి చూపిస్తాయి. ల్యాప్‌టాప్ నుంచి కేబుల్‌తో వేయడం మేలు. అదీ కుదరకపోతే ఒకరు మైకు పట్టుకుని, సీన్ల మధ్య తెరమీద వచ్చే రాతలను తెలుగులో చదివితే చాలు. మూకీకి మాటలు అడ్డం రావు.

కాపీ మంచిదో కాదో తెలియాలంటే విమానం తగలబడే సీను తీసి చూడండి. మంటలు నారింజ రంగులో ఉంటే అది 2012లో బాగుచేసిన ప్రతి. అంతా బూడిద రంగే అయితే ఇంకోటి వెతకండి.

— సినీ మిత్రులు, నల్లగొండ