పాత రీలు కెమెరాని డిజిటల్ చేయించాలనుకునే మా కస్టమర్లకి

అందరికీ నమస్కారం. "నాన్నగారి కెమెరా ఉందండీ, డిజిటల్ చేసిపెడతారా?" విజయవాడ గవర్నర్‌పేటలోని మా షాపుకి ఈమధ్య వస్తున్న ఫోన్లలో చాలావరకు ఇవే. అంటే రీలు ఉండే చోట సెన్సర్ (వెలుగుని పట్టి డిజిటల్ ఫోటోగా మార్చే చిప్పు) బిగించడం. ఒక్కొక్కరికీ చెప్పలేక గొంతు పోతోంది, అందుకే రాస్తున్నాను. ఈ నెల నుంచి, బాగా పనిచేస్తున్న కెమెరాని డిజిటల్ చేయడానికి తీసుకోను. వెలుగు కొలిచే మీటరు చచ్చినవి, వెనక మూత విరిగినవి, బాడీ సొట్టబోయినవి తీసుకుంటాను, షట్టర్ (బటన్ నొక్కితే తెరుచుకుని మూసుకునే తెర) మాత్రం ఆడుతూ ఉండాలి. డబ్బులొచ్చే పనిని ఎందుకు వద్దంటున్నానో చెప్పాలి కదా.

వెనక మూత తెరిచి చూడండి. రీలు పరుచుకునే చోట 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 మిల్లీమీటర్ల ఎత్తున్న కిటికీ, దానికి పైనా కిందా నున్నగా మెరిసే పట్టాలు ఉంటాయి. రీలు ఆ పట్టాలకి ఆనుకుని ఉంటే, మూతకున్న రేకు వెనకనుంచి నొక్కి పట్టుకుంటుంది. బొమ్మ పదునుగా పడేది సరిగ్గా అక్కడే. లెన్సు బిగించే రింగు నుంచి అక్కడికి నైకాన్‌లో 46.5 మిల్లీమీటర్లు, పెంటాక్స్‌లో 45.46. పాయింటు తర్వాత అంకెలు ఊరికే పెట్టుకోలేదు వాళ్లు.

సెన్సర్ కూడా అక్కడే కూర్చోవాలి. కానీ దానికి చుట్టూ చట్రం, పైన గాజు ఉంటాయి. పెద్ద సెన్సర్ అయితే చట్రం పట్టాలకి అడ్డుపడుతుంది, గాజు షట్టర్ తెరకి తగులుతానంటుంది. పోనీ ఒక్క మిల్లీమీటరు వెనక్కి జరుపుదామా? 50 ఎంఎం లెన్సు పెట్టి చూస్తే సుమారు రెండున్నర మీటర్లు దాటినదేదీ ఫోకస్ కాదు. ఇంట్లో పిల్లాడు బాగానే పడతాడు, బ్యారేజీ మీద నిలబడి తీస్తే ఇంద్రకీలాద్రి మసక ముద్దే. అందుకే పట్టాలని ఆకురాయితో అరగదీయాల్సి వస్తుంది. ఒకసారి అరగదీశాక ఆ కెమెరాలో మళ్లీ రీలు సాఫుగా కూర్చోదు. నలభై ఏళ్లు నిక్షేపంగా ఆడిన మెషీన్ మీద ఆ పని చేయడానికి నాకు చెయ్యి రావడం లేదు.

అరగదీయకుండా కూడా దారి ఉంది. రీలు చోట పాలగాజు పెట్టి, దానిమీద పడిన బొమ్మని ఇంకో చిన్న కెమెరాతో తీయడం. గాజు గరుకు ఫోటోలో కనిపిస్తుంది, అంచులు నల్లబడతాయి. సరదాకి సరే.

"రీలు డబ్బీలా ఉండేది లోపల వేస్తే చాలట కదా" అని వీడియోలు పంపుతున్నారు. ఆ ఆశ పాతదే. 1998లో ఒక అమెరికా కంపెనీ ప్రకటించింది, తర్వాత సిలికాన్ ఫిల్మ్ అని పేరు కూడా పెట్టుకుంది, సరుకు షాపుల్లోకి రాకుండానే 2001లో ఆపేసింది. అంతకుముందు 1991లో కొడాక్ వాళ్లు నైకాన్ ఎఫ్3 బాడీకి సెన్సర్ తగిలించి అమ్మారు. 1.3 మెగాపిక్సెల్. ఫోటోలు దాచే హార్డ్‌డిస్క్ పెట్టెని భుజాన మోసుకు తిరగాలి. ఇప్పుడు స్విట్జర్లాండ్ నుంచి ఐమ్ బ్యాక్ అనే కంపెనీ వాళ్లు రీలు ఆకారంలో ఒకటి తెచ్చారు. దాని సెన్సర్ రీలు ఫ్రేములో పావు వంతే.

సైజు సంగతి నేను చేసేవాటికీ ఉంది. చౌకలో అయిపోవాలంటే రాస్‌ప్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటర్‌కి తగిలించే హెచ్‌క్యూ కెమెరా సెన్సర్ వేస్తాను. 12.3 మెగాపిక్సెల్, చిన్నది కాబట్టి కిటికీలో ఇమిడిపోతుంది. కానీ బొమ్మలో మధ్య ముక్కే దానిమీద పడుతుంది కాబట్టి మీ 50 లెన్సు దూరాన్ని దగ్గరికి లాగే 275 లెన్సులా పనిచేస్తుంది. పెళ్లిపందిట్లో తీస్తే పెళ్లికూతురి ముక్కుపుడకే పడుతుంది. పాత మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని డిజిటల్ కెమెరా) విప్పి దాని ఏపీఎస్-సీ సెన్సర్, అంటే రీలు ఫ్రేము కంటే కాస్త చిన్నది, వేస్తే 50 కాస్తా 75 అవుతుంది, అది నయం. వ్యూఫైండర్ మాత్రం మునుపటిలాగే పూర్తి ఫ్రేమ్ చూపిస్తుంది కాబట్టి, లోపలి గాజు మీద సెన్సర్ మేరకి సన్నటి గీతలు గీసి ఇస్తాను.

ఇంకోటి, మీ షట్టర్ ఎప్పుడు తెరుచుకుంటుందో సెన్సర్‌కి తెలీదు. అందుకని బటన్ కింద చిన్న స్విచ్ పెడతాను. సగం నొక్కితే సెన్సర్ ఒక సెకను పాటు సిద్ధంగా ఉంటుంది, ఆ లోపు పూర్తిగా నొక్కాలి. ఫ్లాష్‌ని వెలిగించే కాంటాక్టు నుంచి సిగ్నల్ తీసుకోవచ్చు కదా అని ఇంజినీరింగ్ పిల్లలు అడుగుతున్నారు. అది కలిసేసరికే తెర పూర్తిగా తెరుచుకుని ఉంటుంది, అప్పుడు సెన్సర్‌ని లేపినా లేటే. మన మే నెల ఎండల్లో సెన్సర్ వేడెక్కి చీకటి భాగాల్లో చుక్కలు ఎక్కువ పడతాయి, దానికి నన్ను తిట్టొద్దు.

రేటు: మజూరీ 12,000 రూపాయలు, సగం అడ్వాన్స్. రెండు నెలలు పడుతుంది, ఈ పని చేసేది నేనొక్కడినే. విప్పడానికి కావాల్సిన మిర్రర్‌లెస్ ఇకమీదట మీరే తేవాలి. మొన్న ఆన్‌లైన్‌లో నేను కొన్నది "వర్కింగ్ కండిషన్" అని వచ్చింది, తీరా చూస్తే సెన్సర్ మీద పొడుగాటి గీత. అమ్మినాయన ఫోను ఎత్తడం మానేశాడు. మీరు తెస్తే మీ ముందే చూసి తీసుకుంటాను.

నా సలహా అడిగితే, చాలామందికి ఇదంతా అక్కర్లేదు. మీకు నచ్చింది ఆ ఫోటోల తీరైతే, అది లెన్సుది. లెన్సు రింగు నుంచి సెన్సర్‌కి దూరం సోనీ ఈ-మౌంట్ మిర్రర్‌లెస్‌లలో 18 మిల్లీమీటర్లు, పైన చెప్పిన నైకాన్‌ది 46.5. మధ్యలో 28.5 మిల్లీమీటర్ల మందం రింగు పెడితే నాన్నగారి లెన్సు కొత్త కెమెరాకి ఎక్కేస్తుంది. ఫోకస్, అపెర్చర్ మీరే తిప్పుకోవాలి. ఫుల్‌ఫ్రేమ్ (రీలు ఫ్రేమంత సెన్సర్ ఉన్న) బాడీ అయితే 50 లెన్సు 50గానే ఉంటుంది. ముందు లెన్సుకి పట్టిన ఫంగస్ (బూజు) తీయించుకోండి. తోలు కేసులో పెట్టి బీరువాలో దాచితే తేమ పట్టి ఫంగస్ వస్తుంది. లెన్సు గాజు మీది కోటింగ్‌ని అది తినేసి ఉంటే శుభ్రం చేసినా మచ్చ పోదు. సర్వీసు, వెలుగు లోపలికి దూరకుండా ఆపే లైట్ సీల్ ఫోమ్ మార్చడం, నెగెటివ్‌ల స్కానింగ్ పాత రేట్లకే.

షాపుకి తెచ్చేముందు బ్యాటరీ తీసేయండి. మూత తెరవకుండా, రీలు వెనక్కి చుట్టే నాబ్‌ని బాణం గుర్తు వైపు మెల్లగా తిప్పండి. ఊరికే తిరుగుతూ ఉంటే లోపల ఏమీ లేదు. బిగుసుకుంటే రీలు ఉన్నట్టే, అలాగే పట్టుకురండి, వెలుగు చొరబడని డార్క్‌బ్యాగులో నేను తీస్తాను. ఆదివారం సెలవు.