విదేశీ ఆచార్యుల బాధ్యత ఎవరిది?

సంపాదకుల వారికి,

మన విశ్వవిద్యాలయాలు విదేశీ సంస్థలతో ఒప్పందాలు కుదుర్చుకుంటున్న వార్తలు పత్రికల్లో తరచూ చూస్తున్నాం. ఆ ఒప్పందం కింద ఒక ఆచార్యుడో పరిశోధకురాలో వచ్చి ఏడాది ఉండాల్సినప్పుడు మాత్రం పనంతా పిలిచిన అధ్యాపకుడి నెత్తిన పడుతోంది. విదేశీ విద్యార్థులున్న ప్రతి సంస్థలోనూ వారికోసం ఒక కార్యాలయం ఉండాలని 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది. ఈ అతిథులు విద్యార్థులు కారు గనక ఆ కార్యాలయం తమ పని కాదనుకుంటుంది. ఉద్యోగులు కారు గనక ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షనూ అదే అంటుంది. వాళ్ల ఫైలు మొదటి నుంచి చివరిదాకా ఒకే అధికారి చేతిలో ఉండాలన్నది ఈ పనులు చూస్తున్న మా విన్నపం.

చిక్కు ఆహ్వాన పత్రంతోనే మొదలవుతుంది. ‘మా విశ్వవిద్యాలయానికి రావలసిందిగా కోరుతున్నాం’ అని రెండు వాక్యాలు రాసి పంపితే, అవతలివారు సులువుగా దొరికే టూరిస్టు ఈ-వీసా తీసుకుని వచ్చేస్తారు. దాని మీద పరిశోధన చేయకూడదు. ఇక్కడ ఉండగానే పరిశోధన వీసాగా మార్చుకోవడమూ కుదరదు. పరిశోధన వీసాకు ఇచ్చే పత్రంలో అంశం, తేదీలు, ఖర్చు ఎవరిది, ఏయే ఊళ్లకు వెళ్తారు అన్నీ ఉండాలి. ఊళ్ల దగ్గర బద్ధకించకూడదు. తెలుగు సాహిత్యం మీద పనిచేసేవారు హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌తో ఆగరు. వేటపాలెం సారస్వత నికేతనానికీ రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయానికీ వెళ్తారు. ఆ పేర్లు ముందే రాయాలి, అక్కడికి పరిచయ లేఖలూ ఇచ్చి పంపాలి. సదస్సుకు వచ్చేవారిది వేరే వీసా. దానికి కేంద్ర విదేశాంగ, హోం శాఖల అనుమతులు నిర్వాహకులే తెచ్చుకోవాలి. ఏదైనా సరే, కాగితాలు కనీసం మూడు నెలల ముందు కదలాలి.

ఇక వచ్చిన రాత్రి. హైదరాబాద్‌లో చాలా విదేశీ విమానాలు దిగేది అర్ధరాత్రి దాటాకే. అతిథి పేరు, గది నంబరు రాసిన కాగితం గెస్ట్‌హౌస్ వాచ్‌మన్‌కు ఆ సాయంత్రమే చేరాలి. బస ఇచ్చినవారు 24 గంటల్లోగా అతిథి వివరాలు ఆన్‌లైన్‌లో విదేశీయుల నమోదు అధికారికి పంపాలి. అందరూ ఫారం-సి అనేది దీన్నే. ఇందుకు గెస్ట్‌హౌస్‌కు పోర్టల్‌లో సొంత లాగిన్ ఉండాలి. అది ఉన్నా పాస్‌వర్డ్ ఒక్క మేనేజరుకే తెలిసి, ఆయన సంక్రాంతికి ఊరెళ్తే పని ఆగిపోతుంది. అతిథి ప్రొఫెసర్ గారింట్లోనే దిగినా ఈ ఫారం తప్పదు. 2025 సెప్టెంబర్ 1న అమల్లోకి వచ్చిన కొత్త వలస, విదేశీయుల చట్టం విద్యాసంస్థల మీద కూడా ఇలా సమాచారమిచ్చే బాధ్యత పెట్టింది.

వీసా గడువు 180 రోజులు దాటితే, వచ్చిన 14 రోజుల్లో ఈ-ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ (విదేశీయుల ప్రాంతీయ నమోదు కార్యాలయం) పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. ఫొటో, పాస్‌పోర్టు, వీసా, నివాస రుజువు, విశ్వవిద్యాలయం ఇచ్చిన బోనఫైడ్ లేఖ కావాలి. ఆ ఫారం-సి ప్రతి నివాస రుజువుగా పనికొస్తుంది. మొదటి రోజు వదిలేసిన పని రెండో వారంలో అడ్డుపడేది ఇక్కడే. బోనఫైడ్ లేఖ కోసం ఫైలు బల్లబల్లకీ తిరిగితే పద్నాలుగు రోజులూ దానికే చాలవు. ఆ లేఖ అతిథి రాకముందే సిద్ధం కావాలి. జిల్లాల్లో ఈ నమోదు చూసేది ఎస్పీ కార్యాలయం. అక్కడినుంచి ఫోన్ వస్తే జవాబు చెప్పే మనిషి క్యాంపస్‌లో ఎవరో తేల్చిపెట్టాలి.

అన్నిటికన్నా ఎక్కువ మనస్తాపం కలిగేది డబ్బు దగ్గర. గౌరవ వేతనం మంజూరవుతుంది, చెల్లింపు వేళకు అకౌంట్స్ సెక్షన్ పన్ను కోస్తుంది. అమెరికాతో మనకున్న పన్ను ఒప్పందం 22వ అధికరణం ప్రకారం, అక్కడి ఆచార్యులు ఇక్కడి విశ్వవిద్యాలయంలో బోధనకో పరిశోధనకో వస్తే ఆ ప్రతిఫలానికి రెండేళ్ల వరకు మన దేశంలో పన్ను లేదు. కానీ ఆ మినహాయింపుకు, పన్ను విషయంలో వారు ఆ దేశ నివాసులేనని వారి ప్రభుత్వమిచ్చే టాక్స్ రెసిడెన్సీ సర్టిఫికెట్ చూపాలి. అది చేతికి రావడానికి వారాలు పడుతుంది, కనీసం నెలన్నర ముందు దరఖాస్తు చేయాలి. మనవాళ్లు దాన్ని అతిథి తిరుగు ప్రయాణానికి సామాను సర్దుకునే వేళ అడుగుతారు. కోసిన పన్ను వెనక్కి రావాలంటే ఆయన పాన్ కార్డు తీసుకుని రిటర్న్ వేయాలి. ఈ ఒక్క సర్టిఫికెట్ సంగతి ఆహ్వాన పత్రంలోనే రాస్తే ఎంత మర్యాదగా ఉంటుంది!

మొదటి పదిహేను రోజులు బ్యాంకు ఖాతా ఉండదు, విదేశీ నంబరుతో యూపీఐ మామూలుగా నడవదు. విదేశీ ప్రయాణికుల కోసం యూపీఐ వన్ వరల్డ్ అనే వాలెట్ ఉంది, పాస్‌పోర్టు, వీసా చూపి తీసుకోవచ్చు. అది చేతికొచ్చేదాకా ఆటోకీ మందులకీ సిమ్ముకీ ఖర్చుపెట్టేందుకు అతిథి ఫైలు చూసే అధికారి దగ్గర కొంత అడ్వాన్స్ ఉంచాలి. క్యాంపస్‌లో ఎడ్యురోమ్ (దేశదేశాల విద్యాసంస్థల ఉమ్మడి వైఫై) ఉంటే వైఫై బాధ తీరినట్టే, స్వదేశంలోని తమ సంస్థ లాగిన్‌తోనే అతిథికి ఇంటర్నెట్ వస్తుంది.

చేయకూడనివి కూడా మొదటి వారంలోనే రాతపూర్వకంగా ఇవ్వాలి. చారిత్రక, సాహిత్య విలువగల రాతప్రతి 75 ఏళ్లు దాటినదైతే, ఎవరైనా ప్రేమతో బహుమతిగా ఇచ్చినా సరే, సొంతంగా దేశం దాటించకూడదు. పరిశోధనకు మొక్కలు, సూక్ష్మజీవుల నమూనాలు సేకరించాలంటే విదేశీయులకు చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ ముందస్తు అనుమతి కావాలి. శాటిలైట్ ఫోన్, డ్రోన్ వెంట తేవద్దని బయలుదేరకముందే చెప్పాలి.

వచ్చే విద్యా సంవత్సరం నుంచి రిజిస్ట్రార్లు ప్రతి ఆహ్వాన పత్రం అడుగున ఆ బాధ్యత చూసే అధికారి పేరు, రాత్రివేళ కూడా పలికే ఫోన్ నంబరు అచ్చు వేయించాలని కోరుతున్నాం.

– విశ్వవిద్యాలయ అంతర్జాతీయ వ్యవహారాల విభాగ ఉద్యోగులు, హైదరాబాద్