కొత్త తారు పోసే ముందు పాత రోడ్డు చూడండి

సంపాదకుల వారికి,

వానల్లోపు మా పెరంబూరు వీధికి కొత్త తారు వేస్తారని కబురొచ్చింది. సంతోషమే. కానీ వేసేముందు పాత రోడ్డు మీద ఒకసారి నడిచి చూడమని ఇంజనీర్లను మీ పత్రిక ద్వారా వేడుకుంటున్నాను. నేను కావలి నుంచి వచ్చి ఇక్కడ తారుపనిలో కూలీగా చేరి, మేస్త్రీనై పని చాలించినవాణ్ణి. రోడ్డు పైచూపులోనే దాని లోపం తెలుస్తుంది.

వీధి మొదట్లో రోడ్డు తెల్లబారింది. ఎండకూ గాలికీ తారు బిరుసెక్కి, సన్నపొడి కొట్టుకుపోయి, కంకర పైకి తేలింది. కాలితో రాస్తే రాతి చిప్స్ ఊడొస్తాయి. అడుగు గట్టిగానే ఉంది గనక దీనికి పల్చటి పొర చాలు. పాలబూత్ దగ్గర సంగతి వేరు. అక్కడ మొసలి వీపులా పలకలు పలకలుగా పగిలింది. కింద నేల నీళ్లు తాగి మెత్తబడింది, బండి పోయినప్పుడల్లా రోడ్డు కుంగి లేస్తోంది. వాన వెలిశాక పగుళ్ల అంచున సన్నమన్ను ఎండి చారలు కడుతుంది చూడండి, ఆ చార ఉన్నచోట పైన ఎంత తారు పోసినా డబ్బు దండగే. తవ్వాలి, కంకర మార్చాలి, రోలర్ తిప్పాలి.

బస్టాపు దగ్గర, బ్రేకులు పడేచోట, వేసవిలో మెత్తబడ్డ తారు ముందుకు జరిగి మిట్టపల్లాలు కట్టింది. చక్రాల దారిలో తారు పైకి ఊరి నున్నగా మెరుస్తుంది. వానలో స్కూటర్లు జారేది అక్కడే. పైపుల కోసం తవ్విన చోట పొరపొరకూ దిమ్మిస కొట్టకుండా పూడ్చారు, అతుకు దిగబడింది.

ఇన్ని రకాల లోపాలకూ ఒకటే నల్లపొర పరిచి వెళ్లిపోతున్నారు, నాకు కడుపు మండేది ఇందుకే. పాతది గీకి తీయకుండా పొర మీద పొర వేసి రోడ్డు ఎత్తు పెంచేశారు. ఒకప్పుడు మెట్లెక్కి వెళ్లిన మా ఇంట్లోకి ఇప్పుడు దిగి వెళ్తున్నాం. వాన నీళ్లూ మాతోపాటే లోపలికొస్తాయి.

శ్రద్ధ పెడితే చాలాకాలం నిలిచే రోడ్డు ఈ చెన్నైలోనే వేశారు. నుంగంబాక్కం జంబులింగం వీధిలో 2002లో ప్లాస్టిక్ కలిపిన రోడ్డు వేశారు. మదురై త్యాగరాజర్ ఇంజనీరింగ్ కాలేజీ ప్రొఫెసర్ రాజగోపాలన్ వాసుదేవన్ గారి పద్ధతి అది. వేడి చేసిన కంకరకు ముందు ప్లాస్టిక్ తురుము పూత పట్టించి, తర్వాత తారు కలుపుతారు. రాయికీ తారుకీ మధ్య నీరు దూరడం కష్టమవుతుంది. తారు రోడ్డును ఎక్కువగా చెడగొట్టేది ఆ నీరే.

అధికారులు సుద్దముక్క పట్టుకుని వచ్చి తవ్వాల్సినచోటు, గీకాల్సినచోటు, పైపొర చాలినచోటు వేరువేరుగా గీతలు గీయాలి. పొద్దున్నే వస్తే మేలు, ఏటవాలు ఎండలో గాడులన్నీ తేటగా కనబడతాయి. పిలిస్తే నేనూ వెంట నడిచి చూపిస్తాను.

- ఒక రిటైర్డ్ మేస్త్రీ, పెరంబూరు, చెన్నై