లక్క రికార్డులు ఎందుకు దాచానంటే

విజయనగరం

ప్రియమైన బావా,

నీ ఉత్తరం అందింది. మనవరాలి బారసాల బాగా జరిగినందుకు మా ఇంట్లో అందరికీ సంతోషం. చివర్లో ఒక మాట రాశావు చూడు, "ఫోన్లో నొక్కితే ఏ పాటైనా వస్తుంటే, ఇంకా మీ తాతగారి రికార్డులు మోసుకుంటూ కూర్చున్నావేట్రా" అని. దానికి జవాబు రాయకుండా నిద్ర పట్టేలా లేదు.

మొన్న అటక మీద నుంచి గ్రామఫోన్ దింపించి స్ప్రింగు బాగు చేయించాను. కీ తిప్పి, కొత్త సూది బిగించి, రికార్డు మీద పెట్టాను. అవి లక్కలో రాతిపొడి కలిపి పోసిన రికార్డులు కదా, స్టీలు సూదిని అరగదీసేస్తాయి. అందుకే తాతగారు ఒక్కో వైపు అయ్యాక సూది మార్చేవారు, గుర్తుందా? సూదుల డబ్బా మన చేతికి ఇచ్చేవారు కాదు. నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ రికార్డులో ఒక వైపు పట్టేది మూడు నిమిషాల పైచిలుకే. స్టేజీ మీద వన్స్‌మోర్లు కొట్టించుకుంటూ జనం చాలనేదాకా రాగం తీసే నాటకాల వాళ్ళు కూడా, రికార్డు దగ్గరికొచ్చేసరికి ఆ మూడు నిమిషాల్లో సర్దుకోవాలి. పల్లవి, చరణాలు, మధ్యలో వాయిద్యాలు ఎంతసేపు ఉండాలో సినిమా పాట కూడా ఆ కొలతలోనే నేర్చుకుంది. రికార్డు చేతిలో పట్టుకుంటే పాట ఎందుకంత పొందికగా ఉందో తెలుస్తుంది. ఫోన్లో అది తెలియదు.

పైగా ఈ పాటలు మన ఊరివి బావా. 1919లో ఇక్కడ సంగీత కళాశాల పెట్టి ఆదిభట్ల నారాయణదాసుగారిని ప్రిన్సిపాల్‌గా కూర్చోబెట్టకపోతే, ఘంటసాల ఎక్కడ చదివేవాడు? ఎక్కడో కృష్ణా జిల్లా నుంచి వచ్చి, మన వీధుల్లో ఇల్లిల్లూ తిరిగి అన్నం అడిగి, మధుకరం ఎత్తుకుని తిని, పట్రాయని సీతారామశాస్త్రిగారి దగ్గర పాట నేర్చుకున్నాడు. సుశీల ఇక్కడే పుట్టి ఆ కాలేజీలోనే చదివింది. సాలూరి రాజేశ్వరరావుది సాలూరు దగ్గర శివరామపురం. ఆయన రావు బాలసరస్వతీదేవితో పాడిన లలితగీతాల రికార్డు ఒకటి మా పెట్టెలో బయటపడింది. అంచు కొంచెం విరిగింది, పాట మాత్రం నిక్షేపంగా ఉంది. వింటుంటే కళ్ళు చెమర్చాయి. 1974 ఫిబ్రవరిలో ఘంటసాల పోయాడని మీ అరుగు మీద రేడియోలో విన్నప్పుడు మీ నాన్నగారు భోజనం మానేసి లేచిపోవడం నేను మరిచిపోలేదు.

ఇంకో సంగతి. అప్పట్లో సినిమా హాల్లో అయిపోయేది కాదు, ఇంటికొచ్చాక మన చేతుల్లో మళ్ళీ తయారయ్యేది. పాటల పుస్తకం కొంటే అందులో కథ సగం చెప్పి 'శేషం వెండితెరపై చూడండి' అని ఆపేసేవాడు. అది కొనడానికి చిల్లర లేనివాళ్ళం, మధ్యాహ్నం రేడియో సిలోన్‌లో తెలుగు పాటలు వేసే అనౌన్సర్ మీనాక్షి పొన్నుదురైగారి గొంతు కోసం కాచుకుని, షార్ట్‌వేవ్‌లో పాట దగ్గరికొచ్చి దూరమైపోతుంటే, వినబడిన ముక్క నువ్వు రాస్తే మిగతాది నేను రాసేవాణ్ణి. పిన్ని వాణిశ్రీ కొప్పు కోసం లోపల సవరం కుక్కి, పక్కింటి వాళ్ళ చేత వెనక నుంచి పిన్నులు పెట్టించుకునేది. ఎంత బాగుండేదో! బుట్ట చేతుల జాకెట్టు కావాలంటే వారపత్రికలో బొమ్మ చించి మూడు లాంతర్ల కూడలి దగ్గర దర్జీకి ఇచ్చేవాళ్ళు. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మన ఊరి ఎండకి తగ్గట్టు గుడ్డ చెప్పేవాడు. నీ బెల్‌బాటమ్ అడుగున 24 అంగుళాలు పెట్టించుకున్నావు, వానాకాలంలో వీధి బురదంతా దాంతోనే ఇంటికొచ్చేది. తాతగారు మాత్రం నాటకానికైనా సినిమాకైనా పొందూరు పంచే. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి వడికిన ఆ నూలు ముట్టుకుంటే ఇప్పటికీ మెత్తగానే ఉంది. బీరువాలో ఒకటి ఉంది, ఎవరికీ ఇవ్వను.

ఇవన్నీ తలుచుకుంటే ఈ కాలం మీద నాకు కోపమేం లేదు. మా మనవడికి సుశీల పాట ఫోన్లోనే మొదట వినిపించాను. కానీ గ్రామఫోన్ పెట్టిన రోజు వాడు పక్కన కూర్చుని, సూది ఎక్కడ తగులుతోంది, శబ్దం ఎక్కడ నుంచి వస్తోంది అని గంటసేపు అడుగుతూనే ఉన్నాడు. తర్వాత కీ తనే తిప్పాడు. అందుకే దాస్తున్నాను.

ఇప్పుడు అసలు పని. పాటలు రాసుకున్న నీ నోటుబుక్కులు పాతపేపర్ల వాడికి వేయకు. వేస్తే నీతో మాట్లాడను. దసరా వెళ్ళిన మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను పండగ కదా, ముందురోజు సోమవారం తొలేళ్ళ నాటికే వచ్చేయ్, వాటిని పట్టుకురా. కొప్పుతో పిన్ని దిగిన ఫొటో మీ ఇంట్లోనే ఉండాలి, అదీ వెతుకు. చెల్లెమ్మని అడుగు, తనకి తెలుస్తుంది. సూదులు సరిపడా ఉన్నాయి, రెండు వైపులా వినొచ్చు.

చెల్లెమ్మకి నమస్కారాలు, పిల్లలకి ఆశీస్సులు.

నీ బావ